పార్కులో పడ్డ 47/ఎ ప్లాటు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2004 నాటి డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) లేఅవుట్‌లో 47/ఎ నంబరు ప్లాటు, 200 గజాలు, 2019లో కొన్నాం. నాన్న రిటైర్‌మెంట్ డబ్బంతా దానికే పెట్టాం. ఏటా ఖాళీ స్థలం పన్ను కడుతున్నాం. 2024 దసరా ముందు కడీలు నాటుతుంటే కాలనీవాళ్లు అడ్డుపడి ‘ఇది పార్కు’ అన్నారు. అసూయతో అంటున్నారనుకున్నాం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పర్మిషన్ తీసుకుని పునాది పోశాక మున్సిపాలిటీ నోటీసు ఇచ్చింది. నాన్న సరిగా తిండి కూడా తినడం లేదు. మాకు అమ్మినాయన ‘వేరే పార్టీకి అమ్మిపెడతా’ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చేది ఒక్కటే. మంజూరైన లేఅవుట్ నక్షాలో 47/ఎ అనే ప్లాటు ఉందా, లేక అక్కడ ఖాళీ స్థలం అని ఉందా? రిజిస్ట్రేషన్, పన్ను రసీదులు, ఆన్‌లైన్ పర్మిషన్... ఇవేవీ దీనికి జవాబు కావు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు. పర్మిషన్ మీరు ఇచ్చిన స్వీయ ధ్రువీకరణను నమ్మి ఇచ్చింది. ఆ ధ్రువీకరణ తప్పని తేలితే పర్మిషన్ రద్దవుతుంది.

మీరు పంపిన జిరాక్సులో హద్దులు చూడండి. తూర్పు ప్లాటు నం. 47, దక్షిణం 30 అడుగుల రోడ్డు, పడమర ‘ఖాళీ స్థలం’. మిగతా హద్దులకు నంబరో రోడ్డో ఉంది. పడమర మాత్రం నంబరు లేదు, యజమాని పేరూ లేదు. మొదటి లింకు డాక్యుమెంటు (మీకంటే ముందటి అమ్మకం దస్తావేజు) 2013లో జీపీఏ హోల్డర్, అంటే యజమాని తరఫున అధికారపత్రం ఉన్నాయన, రాసింది, అంటే లేఅవుట్ వచ్చిన తొమ్మిదేళ్లకు. ఈ రెండూ కొనే రోజే మిమ్మల్ని ఆపాల్సింది. నక్షా కాపీ చూడకుండా అంత డబ్బు పెట్టడం మీ పొరపాటే.

అయినా ‘ఎ’ ఉన్నంత మాత్రాన దొంగ ప్లాటని నేను అనను. సవరించిన లేఅవుట్‌లో పుట్టి ఉండొచ్చు, 47ను రెండుగా విడగొట్టి ఉండొచ్చు. తేల్చుకోవడానికి మూడు కాగితాలు కావాలి. మొదటిది, ఎల్.పి. (లేఅవుట్ పర్మిట్) నంబరు వేసి సమాచార హక్కు కింద లేఅవుట్ నక్షా, మంజూరు ఉత్తర్వు, సవరణ ఉంటే ఆ ఉత్తర్వు ధ్రువీకృత నకళ్లు. రెండోది, పక్కనున్న 47 వారి తొలి దస్తావేజు నకలు. నక్షాలో 47కు ఎన్ని గజాలుంటే అన్నీ వారికే రిజిస్టరై ఉంటే మీది అందులోంచి చీలింది కాదు. వారి పడమర హద్దు ‘పార్కు’ అని ఉంటే ఇక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. మూడోది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. ప్లాటు నంబరుతో తీస్తే మీ మూడు లావాదేవీలే కనిపిస్తాయి. సర్వే నంబరుతో, 2004కు ముందు నుంచి తీయించండి. రోడ్లు, పార్కు మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పగించిన గిఫ్ట్ డీడ్ ఉంటే అక్కడే బయటపడుతుంది.

గిఫ్ట్ డీడ్ దొరకలేదని సంబరపడకండి. లేఅవుట్‌లో పార్కుగా చూపిన స్థలాన్ని యజమాని ప్రజల కోసమే పట్టి ఉంచుతాడని చేత్‌రామ్ వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యజమానికే అమ్ముకునే హక్కు లేనిది జీపీఏ హోల్డర్‌కు ఎక్కడినుంచి వస్తుంది? ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కూడా పార్కు స్థలాన్ని ప్లాటుగా మార్చదు.

ఇక ‘వేరే పార్టీకి అమ్మిపెడతా’ అన్న మాట. ఆ మాట మళ్లీ ఇంట్లో వినిపించనివ్వకండి. నోటీసు చేతిలో పెట్టుకుని, దాన్ని దాచి అమ్మితే నేటిదాకా మోసపోయినవారు మీరే మోసగాళ్లవుతారు. భారతీయ న్యాయ సంహిత 318 (మోసం) కింద కేసు మీ మీదే పడుతుంది. పైగా అమ్మినాయన మీద మీకున్న దావా బలం అక్కడితో పోతుంది. నక్షా సంగతి దాచి కాలనీవాళ్ల మీద ఇంజంక్షన్ తెచ్చుకుని స్లాబు వేసే ఆలోచన కూడా వద్దు. నిజం దాచి తెచ్చుకున్న ఉత్తర్వు నిలవదు, స్లాబు ఖర్చు అదనంగా పోతుంది.

మీ డబ్బు రాబట్టే దారి అమ్మినాయన మీదే ఉంది. మీ దస్తావేజులో ‘ఏదైనా తగాదా వచ్చినచో నా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను’ అన్న వాక్యం ఉంది. అది లేకపోయినా ఆస్తి బదిలీ చట్టం 55(2) ప్రకారం అమ్మే హక్కు తనకు ఉందని ఆయన హామీ ఇచ్చినట్టే. సొమ్ము, వడ్డీ, స్టాంపు ఖర్చు, పునాది ఖర్చు కలిపి ఆయన మీద, జీపీఏ హోల్డర్ మీద సివిల్ దావా వేయండి. అమ్మకం 2019లో జరిగింది కాబట్టి క్రిమినల్ ఫిర్యాదు న్యాయ సంహితకు ముందున్న పాత ఐపీసీ 420 కిందికే వస్తుంది. అయితే పార్కని తెలిసే అమ్మారని చూపాలి. పార్కును ముక్క చేసింది జీపీఏ హోల్డర్ కాబట్టి అతని మీద అది చూపడం తేలిక.

దావాకు కాలపరిమితి మూడేళ్లు. రిజిస్ట్రేషన్ నుంచే లెక్కపెట్టాలని, 2022లోనే గడువు తీరిందని ఎదుటివారు వాదిస్తారు. లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ మిమ్మల్ని కాపాడొచ్చు. మోసం ఉంటే అది తెలిసిన రోజు నుంచి, లేదా జాగ్రత్తపడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్క. మీకు అసూయగా కనిపించిన ‘ఇది పార్కు’ అన్న మాట విన్న రోజే మీకు తెలిసిన రోజు. అంటే 2027 దసరాకు ముందే గడువు ముగుస్తుంది. నోటీసు తేదీ నుంచి లెక్కపెట్టుకుని నిదానించకండి. నక్షా నకలు రాగానే లీగల్ నోటీసు పంపి, దావా వేయండి.

పని ఇవాళే ఆపి, పునాదిని తేదీ పడేలా ఫొటోలు తీయించండి. మేస్త్రీ, సిమెంటు, కంకర బిల్లులు ఒక చోట పెట్టండి. మున్సిపాలిటీకి ‘పని ఆపాము, లేఅవుట్ నకలు ఇప్పించి, వివరణకు సమయం ఇవ్వండి’ అని రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ వాదన వినకుండా కూల్చడానికి వస్తే హైకోర్టులో రిట్ వేసేటప్పుడు ఆ ముద్ర ఉన్న కాగితమే మీకు ఆధారం. నోటీసులో జవాబుకు ఎన్ని రోజులిచ్చారో మీరు నాకు రాయలేదు. ముందు అది చూడండి.