టీచర్ల ప్రశ్నలు – జవాబులు: లోలకం పాఠం

ప్రశ్న: ఇంటర్ పిల్లలకు లఘులోలకం మీద డిజిటల్ పాఠం తయారుచేశాను. ముందు సూత్రం, తర్వాత వీడియో, చివర ఫెట్ (PhET అనే ఉచిత సైన్స్ వెబ్‌సైట్) సిమ్యులేషన్. పిల్లలు ఐదు నిమిషాల్లో స్లైడర్లు జరిపేసి, సూత్రంతో కట్టిన విలువలే రాసిచ్చేస్తున్నారు. ఏం మార్చాలి?
– ఒక లెక్చరర్, ఖమ్మం

జవాబు: సూత్రం ముందే చేతికిస్తే ఎవరైనా చేసేది అదే. దాన్ని చివరికి నెట్టండి, వీడియో తీసేయండి. మొదట ఇంతే అడగండి: దారం పొడవు నాలుగు రెట్లయితే ఆవర్తన కాలం (ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే కాలం) ఎన్ని రెట్లవుతుంది? గుండు బరువు రెట్టింపైతే? ఊహతో పాటు కారణమూ రాయించాలి. గూగుల్ ఫారంలో ఒక చిక్కుంది: సెక్షన్లుగా విడదీసినా 'బ్యాక్' నొక్కి ఊహను దిద్దేసుకుంటారు. ఊహకు వేరే ఫారం పెట్టి, సబ్మిట్ చేశాక కనిపించే సందేశంలో రెండో ఫారం లింకు ఇవ్వండి.

పొడవులు 0.25, 0.36, 0.49, 0.64, 0.81, 1.00 మీటర్లు ఇవ్వండి. కాలాలు సుమారు 1.0, 1.2, 1.4 అంటూ 2.0 సెకన్ల దాకా వస్తాయి. కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందన్న సంగతి వాళ్లే పట్టేస్తారు. 0.40–0.60 మధ్యే కొలిస్తే గ్రాఫు సరళరేఖలా కనబడి మోసం చేస్తుంది. గుండును పక్కకు లాగి వదిలే కోణం 10 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల దగ్గర కాలం 7 శాతం పెరుగుతుంది (అది ఇంకో రోజుకు మంచి ప్రశ్న).

సిమ్యులేషన్‌లో కొలతలు మరీ శుభ్రంగా వస్తాయి. అందుకే పక్కనే దారం, ఇనుప నట్లతో ఒక లోలకం ఉండాలి. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందనుకుందాం. ఒక సెకను డోలనం ఒక్కటే కొలిస్తే అది 20 శాతం తప్పు, 20 డోలనాలు కొలిస్తే 1 శాతమే. అసలు మజా బరువు దగ్గర ఉంది. నట్లను ఒకదాని కింద ఒకటి కట్టారంటే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, అంటే లోలకం పొడవు పెరిగినట్టే. 25 సెం.మీ. లోలకంలో అది 3 సెం.మీ. దిగితే కాలం 1.00 నుంచి 1.06 సెకన్లవుతుంది, 'బరువు పెరిగితే కాలం పెరిగింది' అని రాస్తారు. తప్పని కొట్టేయకండి. 'సిమ్యులేషన్‌లో ఎందుకు పెరగలేదు?' అని తర్వాతి పేజీలో అడగండి. నట్లన్నీ ఒకే కొక్కేనికి పక్కపక్కన తగిలించి మళ్లీ కొలిస్తే తేడా దాదాపు పోతుంది.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేదు. ఎలా?

జవాబు: ఫెట్‌లోని హెచ్‌టీఎంఎల్ 5 సిమ్యులేషన్లు ఒక్కో ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి. పెన్‌డ్రైవ్‌తో కాపీ చేసి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. పాత ఫ్లాష్ సిమ్యులేషన్లు ఇప్పటి బ్రౌజర్లలో నడవవు, వాటి జోలికి పోకండి. ఊహలు కాగితం మీద రాయించి, కంప్యూటర్ ముట్టుకునే ముందే తీసేసుకోండి.