మొక్క నాటే ముందే కట్టె కొనేవాణ్ణి చూసుకో

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఉద్యోగం మానేసి కనిగిరి వైపు ఉన్న మెట్టలో జామాయిల్ వేస్తావనీ, చుట్టుపక్కల రైతుల్ని కూడగట్టి మెల్లగా ప్లైవుడ్‌కి పొరలు తీసే యూనిట్ పెడతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన కాగితాలు చదివాను. ఆలోచన బాగుంది. కానీ లెక్కంతా కార్బన్ క్రెడిట్ల చుట్టూనే, అంటే చెట్లు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌కి లెక్కగట్టి ఇచ్చే డబ్బు చుట్టూనే తిరుగుతోంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఆ డబ్బు వస్తే రానీ, అది రాకపోయినా నిలబడేలా లెక్క వేసుకో. ఎలాగూ నాటబోయే చెట్టుకి క్రెడిట్ ఇవ్వరు. ఆ డబ్బు లేకపోతే నాటేవాళ్లం కాదని చూపించాలి. కొలతలు, తనిఖీలు, ఏళ్ల తరబడి నరకనని ఒప్పందం, ఇవన్నీ ఉంటాయి. సంతకం పెట్టే ముందు నాలుగేళ్లకు నరకొచ్చో లేదో అడుగు.

మన దగ్గర కట్టెతో నడిచే కాగితం, ప్లైవుడ్ పరిశ్రమ అడవి మీద కాదు, రైతు పొలం మీద నిలబడింది. కావలసిన కలపను మిల్లులు రైతుల చేత పెంచించుకోవాలే గానీ అడవి మీద ఆధారపడకూడదని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. దాదాపు అదే రోజుల్లో భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లు వాళ్లు జామాయిల్లో క్లోన్ మొక్కలు తెచ్చారు, అంటే మంచి చెట్టు కొమ్మ ముక్కల నుంచి పెంచిన, అచ్చం తల్లి చెట్టులాంటి మొక్కలు. విత్తనం మొక్కలైతే చేలో ఒకటి నిటారుగా, ఇంకొకటి గిడసబారి ఉండేవి. క్లోన్లతో చేను చేనంతా ఒకే ఎత్తు వచ్చింది.

మొక్క మంచిదైనంత మాత్రాన సరిపోదు. హర్యానాలో యమునానగర్ సంగతి తెలుసుకో. అక్కడి ప్లైవుడ్ మిల్లులు ఎక్కువగా రైతులు గోధుమ చేలలో పెంచిన పాప్లర్ అనే మెత్తటి కలప చెట్టు మీద, జామాయిల్ మీద బతుకుతున్నాయి. 1980ల్లో అగ్గిపెట్టెల కంపెనీ విమ్కో రైతుకి పాప్లర్ మొక్కలిచ్చి, బ్యాంకు అప్పు ఇప్పించి, కలప కొంటామని మాట ఇచ్చింది. ధర బాగుందని అందరూ ఎగబడి నాటారు. ఆ చెట్లన్నీ ఒక్కసారే కోతకొచ్చేసరికి 2000 తర్వాత ధర కుప్పకూలింది. చాలామంది నాటడం మానేశారు. కొన్నేళ్లకి కలప దొరక్క మిల్లులు అల్లాడాయి, ధర మళ్లీ ఎగిసింది. అందుకే మీ గుంపులో పొలమంతా ఒకే ఏడు నాటొద్దు. నాలుగు భాగాలు చేసి ఏడాదికో భాగం నాటితే, నాలుగేళ్ల తర్వాత ఏటా కోత ఉంటుంది, కూలీలకి పని ఉంటుంది, మిల్లుకీ మీ మీద నమ్మకం కుదురుతుంది.

నేల సంగతి నీకు తెలిసిందే. నల్లరేగడికి సుబాబుల్, ఎర్రనేలకి జామాయిల్, సముద్రం పక్క ఇసుకకి సరుగుడు. సుబాబుల్ కాయలు రాలితే పక్క చేలంతా మొలుస్తుంది, జాగ్రత్త. జామాయిల్లో ఒకే క్లోన్ వేసి కూర్చోకు, మూడు నాలుగు రకాలు కలుపు. ఆకు ఈనె మీద బుడిపెలు కట్టే పురుగు వచ్చినప్పుడు కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని గిడసబారాయి. గట్టు పక్కన కందకం తీయించడం మర్చిపోకు. వేర్లు పక్కవాడి కంది చేలోకి పోయాయంటే పంచాయితీ నీ ఇంటికొస్తుంది.

ఇక అసలు మాట. పచ్చి కట్టెలో దాదాపు సగం నీరు. ఎండిన కట్టె బరువులో సగం కార్బన్. ఆ లెక్కన టన్ను పచ్చి కట్టె గాలిలోంచి సుమారు 900 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకున్నట్టు. కాగితం అయితే అందులో చాలా భాగం కొన్నేళ్లలోనే తిరిగి గాలిలో కలుస్తుంది. తలుపో, అలమరో అయితే దశాబ్దాలు ఉంటుంది. నువ్వు పెట్టబోయేది ప్లైవుడ్ యూనిట్ కాబట్టి ఇక్కడ నీ మేలూ, భూమి మేలూ ఒకటే. పొర తీసే మిషన్‌కి లావుగా, తిన్నగా ఉన్న దుంగ కావాలి. వరుసల మధ్య 3 మీటర్లు, మొక్కల మధ్య మీటరున్నర పెడితే ఎకరానికి 900 దాకా పడతాయి. అన్నీ నాలుగేళ్లకే నరికేయకు. వంకరవీ, సన్నవీ తీసి కాగితం మిల్లుకి తోలు. నిటారువాటిని ఇంకో మూడు నాలుగేళ్లు ఉంచు. అందరికీ అంత ఓపిక ఉండదు, కూతురి పెళ్లి ఉన్నవాణ్ణి ఆపలేవు. గుంపులో కొందరితోనైనా చేయించు.

కోత రోజు లారీ వచ్చాకే గొడ్డలి పట్టించు. నరికిన కట్టె రోజురోజుకీ ఎండి తూకం తగ్గుతుంది, మిల్లు కాటా దగ్గర నష్టపోయేది రైతే. తొక్క చేలోనే ఒలిపించి అక్కడే పరిపించు. అందులో సున్నం సత్తువ చాలా ఉంటుంది. ఆకునీ, కొమ్మనీ మాత్రం తగలబెట్టనివ్వకు. మోడు నేలకి దగ్గరగా, బెరడు చీలకుండా ఏటవాలుగా కోయిస్తే మంచి పిలకలు వస్తాయి. వాటిలో రెండు ఉంచి మిగతావి తీసేయాలి.

మిల్లుతో ఒప్పందంలో మూడు సంగతులు రాయించు: తొక్క తీసిన కట్టె ధరా, తొక్కతో ధరా? తూకం ఎక్కడ? డబ్బు ఎన్ని రోజుల్లో? మన వైపు ఈ మూడోది నోటిమాటగా వదిలేసి ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. యూనిట్‌కి అటవీ శాఖ లైసెన్సు కావాలి, మిషన్ కొనకముందే అడుగు. టేకు, ఎర్రచందనం జోలికి ఇప్పుడే వెళ్లకు. నరకడానికీ, తరలించడానికీ అనుమతుల తలనొప్పి.

వానలు పడ్డాక నర్సరీకి వెళితే అందరూ ఏరుకోగా మిగిలిన మొక్కలే దొరుకుతాయి. ఏప్రిల్‌లోనే అడ్వాన్సు కట్టి, క్లోన్ నంబర్లు రసీదు మీద రాయించుకో.

మీ మామయ్య