చైనాలో పిల్లల మాట ఇంట్లో చెల్లుతుందా?

"చైనాలో పిల్లల ఇష్టాయిష్టాలు ఎవరైనా అడుగుతారా, అంతా అమ్మానాన్నలదేనా?" అని అడిగారు. మా ఆయన ఉద్యోగం వల్ల హాంగ్‌జౌలో నాలుగేళ్లున్నాను. నేను చూసింది ఒక్క అపార్ట్‌మెంటే, చైనా అంతా ఇంతే అనను.

చట్టమైతే అడగమనే అంటుంది. 2021 జూన్‌లో అమల్లోకి వచ్చిన మైనర్ల రక్షణ చట్టం సవరణ ప్రకారం, పిల్లలకు సంబంధించిన నిర్ణయం తీసుకునేముందు తల్లిదండ్రులు వయసును బట్టి వాళ్ల అభిప్రాయం వినాలి. అమ్మానాన్నలు విడిపోతే, ఎనిమిదేళ్లు నిండిన పిల్లలు ఎవరి దగ్గర ఉంటామంటారో దాన్ని కోర్టు గౌరవించాలి.

ఇంట్లో కథ వేరు. అక్కడ పిల్లల్ని మెచ్చుకునే మాట 'థింగ్ హ్వా'. అంటే మాట వినడం. మనం "చెప్పిన మాట వింటుంది, బంగారు తల్లి" అనమూ, అదే.

మా ఎదురింటి అమ్మాయి గావ్‌కావ్ (వాళ్ల ఎంట్రెన్స్) రాసిన ఏడాది, మార్కులొచ్చాక యాంగ్‌మెయ్ పళ్లు తినడానికి రమ్మన్నారు. వెళ్తే భోజనాల బల్ల మీద వార్ రూమ్! ఆ రాష్ట్రంలో కాలేజీ, కోర్సు కలిపి 80 ఆప్షన్ల దాకా పెట్టుకోవచ్చు. నాన్న లాప్‌టాప్ ముందు, మేనత్త లావుపాటి కాలేజీల పుస్తకంలో గీతలు కొడుతూ, తాతయ్య పక్కన సలహాలిస్తూ. పాస్‌వర్డ్ కూడా నాన్న దగ్గరే. అమ్మాయేమో ఉప్పునీళ్లలోంచి పళ్లు తీసి మా పాప గిన్నెలో వేస్తోంది.

ఆ పిల్లకి పురావస్తు శాస్త్రం ఇష్టం. ఊరి పక్కనే ఉన్న లియాంగ్‌జు తవ్వకాలు చూసొచ్చినప్పటి నుంచీ అదే ధ్యాస. మేనత్త "ఎండలో మట్టి తవ్వుకుంటావా?" అంది. టీచర్ ట్రైనింగ్ కోర్సులు పైకెక్కాయి. పురావస్తు శాస్త్రం 71వ వరసలో పడింది. వరస ప్రకారం మొదట ఏది దొరికితే అదే సీటు కాబట్టి, 71 అంటే పెట్టనట్టే లెక్క.

ఆ నాన్న చెడ్డవాడని అనలేను. మూడేళ్లు తెల్లవారుజామునే లేచి కూతురికి టిఫిన్ చేసిన మనిషి. నన్ను బైపీసీలో చేర్పించిన మా నాన్నే గుర్తొచ్చాడు, కాకపోతే ఆయన పుస్తకం కూడా తెరవలేదు.

తర్వాతెప్పుడో లిఫ్టులో "బాధగా లేదా?" అని అడిగితే నవ్వేసింది. "మా నాన్న 71లో అయినా పెట్టాడు ఆంటీ. మా ఫ్రెండ్‌కి అదీ లేదు."