‘సీరియస్’ అంటే కోపమా?

సందేహం: ‘అధికారుల తీరుపై హైకోర్టు సీరియస్’ వంటి శీర్షికలు తరచూ చూస్తుంటాం. ‘నాన్న నా మీద సీరియస్ అయ్యారు’ అని పిల్లలూ అంటారు. ఇంగ్లీషులో సీరియస్‌కు కోపం అనే అర్థం ఉందా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: లేదు. ఇంగ్లీషులో మనిషి సీరియస్ అంటే వేళాకోళానికి అనడం లేదని. విషయం సీరియస్ అంటే తేలిగ్గా కొట్టిపారెయ్యలేనిదని. లాటిన్ ‘సీరియుస్’ నుంచి నడిచివచ్చిన అర్థం అదే. కోపం మనం చేర్చింది. ‘సీరియస్‌గా తీసుకున్నారు’ అన్నదే కుదించుకుపోయి ‘సీరియస్ అయ్యారు’గా మారిందని నా ఊహ.

అర్థం మారాక విభక్తి కూడా మనదే పెట్టుకున్నాం. కోప్పడటానికి వాడే ‘మీద’నే తెచ్చి ‘డ్రైవర్ మీద సీరియస్ అయ్యాడు’ అంటున్నాం. ఇది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ఇంగ్లీషువాళ్లు తెల్లమొహం వేస్తారు. ఫలానా అమ్మాయి విషయంలో అబ్బాయి సీరియస్ అని వాళ్లంటే, వ్యవహారం పెళ్లిదాకా వెళ్లేలా ఉందని. మనం ‘ఆ అమ్మాయి మీద సీరియస్ అయ్యాడు’ అంటే తిట్టాడని!

‘పేషెంట్ సీరియస్’ కూడా మన వాడుకే. ఇంగ్లీషులో సీరియస్ అయ్యేది జబ్బు, లేదా రోగి స్థితి. అమెరికా ఆసుపత్రుల లెక్కలో క్రిటికల్ అంటే సీరియస్ కన్నా ప్రమాదకరం. మన వార్తల్లో రెండూ ‘విషమం’లోనే కలిసిపోతాయి. (విషమానికి విషంతో చుట్టరికం లేదు, సమం కానిది విషమం.)

ఇక తెలుగులో ఏమనాలి? అన్నిచోట్లా అతికే ఒక్క మాట లేదు. రోగి పరిస్థితి విషమం, నేరం తీవ్రం. సీరియస్‌గా చదివేవాడు శ్రద్ధగా చదువుతున్నాడు. ‘సీరియస్‌గా అంటున్నావా?’ అంటే ‘నిజంగానే అంటున్నావా?’ అని. నిఘంటువు చూసి అన్నిటికీ ‘గంభీరం’ వేస్తే మాత్రం బెడిసికొడుతుంది. తెలుగులో గొంతు గంభీరంగా ఉంటుంది, విగ్రహం గంభీరంగా ఉంటుంది. ‘గంభీరమైన సమస్య’ హిందీ పోకడ. మనకది తీవ్రమైన సమస్య.

పిల్లలు ఇంట్లో ‘సీరియస్ అయ్యారు’ అంటే అననివ్వండి, అది ఇప్పటికే తెలుగు మాట. నా పేచీ శీర్షికతో. కోర్టు మండిపడిందా, లేక కోపతాపాలేవీ లేకుండా నోటీసులిచ్చి వివరణ అడిగిందా? ‘సీరియస్’ వల్ల అది తేలదు. రెండోదైతే ‘తీవ్రంగా పరిగణించింది’ అని రాయాలి. మొదటిదైతే ‘ఆగ్రహం’ ఉండనే ఉంది. శీర్షికలో చోటు చాలదంటారేమో, ‘సీరియస్’ కంటే అదే పొట్టి.