నైట్రో విమానానికి పెట్రోల్ ఇంజిన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానానికి 1.20 సైజు (దాదాపు 20 సీసీ) ఫోర్ స్ట్రోక్ నైట్రో ఇంజిన్ ఉంది, అంటే మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచేది. ఇంధనం దూరం నుంచి తెప్పించుకోవాలి, ఖర్చు భరించలేకపోతున్నాను. అదే ఇంజిన్లో పెట్రోల్ వాడొచ్చా? ఏమేం మార్చాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఉన్నదున్నట్టుగా పోస్తే నడవదండి. నైట్రో ఇంజిన్లో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్‌తో చర్య వల్లే ఎర్రగా నిలుస్తుంది. పెట్రోల్‌కు ఆ గుణం లేదు, స్పార్క్ కావాలి. పాత ఇంజిన్‌కు తగిలించే సీడీఐ (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) కిట్లు దొరుకుతాయి కానీ, మిథనాల్ ఆవిరవుతూ ఇచ్చే చల్లదనం పోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. 20 సీసీ పెట్రోల్ ఇంజిన్ కొనుక్కోవడమే మేలు. 16×8 (16 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్) ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి.

ముందు ట్యాంకు సంగతి చూడండి. నైట్రోకు వాడిన సిలికాన్ గొట్టాలు పెట్రోల్‌లో ఉబ్బి మెత్తబడి ఊడిపోతాయి. ట్యాంకు లోపల ఇంధనం పీల్చే బరువు (క్లంక్) ఉండే గొట్టంతో సహా అన్నీ పెట్రోల్‌ను తట్టుకునే టైగాన్ రకానికి మార్చాలి, బిరడా కూడా పెట్రోల్‌ను తట్టుకునేదే వేయాలి. చాలామంది బయటి గొట్టాలు మార్చి లోపలిది మరిచిపోతారు. అది గాల్లో ఉండగా తెగితే ఇంజిన్ ఆగిపోతుంది. కార్బొరేటర్‌లోనే పంపు ఉంటుంది కాబట్టి మఫ్లర్ నుంచి ప్రెషర్ గొట్టం అక్కర్లేదు. ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టాన్ని (వెంట్) విమానం అడుగుకు తీసి వదిలేయండి. ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, పావుగంట ఎగరడానికి 300 మి.లీ. ట్యాంకు చాలు.

ఇంజిన్ తయారీదారు పెట్రోల్‌లో ఆయిల్ 30:1 పాళ్లలో కలపమంటే, లీటరు పెట్రోల్‌కు 33 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ పోయాలి. కంపనం ఎక్కువ కాబట్టి ఇంజిన్ బిగించే ముందు పలక (ఫైర్‌వాల్) అతుకులను ఎపాక్సీతో గట్టిపరచండి, బోల్టులకు థ్రెడ్ లాకర్ పూయండి. సీడీఐ, దాని బ్యాటరీ బరువు కలుస్తాయి. వాటిని ఎక్కడ పెట్టేదీ గురుత్వ కేంద్రం సరిచూశాకే తేల్చుకోండి.

ప్రశ్న: జయపురంలో చక్కగా ఎగిరిన పెట్రోల్ విమానం బరంపురంలో రెండు నిమిషాలు ఫుల్ థ్రాటిల్‌లో ఉంచగానే వేడెక్కి ఆగిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: పీఠభూమి మీద గాలి పలచన. అక్కడ సరిపోయేలా బిగించిన హెచ్ సూది (ఎక్కువ వేగంలో పెట్రోల్ పాలు సరిచేసే కార్బొరేటర్ స్క్రూ), గాలి చిక్కగా ఉండే సముద్రతీరంలో పెట్రోల్ తక్కువ ఇస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ తగ్గితే వేడి పెరుగుతుంది, అలాగే నడిపిస్తే పిస్టన్ పట్టేస్తుంది. కొండ దిగినప్పుడల్లా ముందు హెచ్ సూదిని ఎనిమిదో వంతు తిప్పు తెరవండి. నేల మీద ఫుల్ థ్రాటిల్ పెట్టి, అత్యధిక వేగం వచ్చే చోటు చూసి, అక్కణ్ణుంచి 200–300 ఆర్‌పీఎం తగ్గేదాకా మళ్లీ తెరవండి. తర్వాత తక్కువ వేగానికి ఉండే ఎల్ సూది. ఐడిల్ నుంచి థ్రాటిల్ లాగితే తడబడి ఆగిపోతుంటే కొంచెం తెరవాలి, గుడగుడమని పొగతో అందుకుంటే కొంచెం మూయాలి. ఒకటి మారిస్తే రెండోదాని సర్దుబాటూ మారుతుంది, అందుకే హెచ్‌ను మళ్లీ చూడాల్సిందే.

సూదులు సరిగ్గా ఉన్నా వేడెక్కితే కౌల్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) చూడండి. గాలి బయటకు పోయే దారి లోపలికి వచ్చే దారికి రెండున్నర, మూడు రెట్లు ఉండాలి. ఇంకొకటి, బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీలుస్తుంది, కార్బొరేటర్ పొరలను గట్టిపరుస్తుంది. ఎగరడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి. కలిపి పెట్టిన పెట్రోల్‌ను వానాకాలంలో నెలల తరబడి దాచకండి.

ప్రశ్న: పెట్రోల్ ఇంజిన్ పెట్టాక సర్వోలు (రెక్కల మీటలు కదిలించే చిన్న మోటార్లు) ఉన్నట్టుండి అదురుతున్నాయి.
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: స్పార్క్ రొద రిసీవర్‌లోకి వస్తోంది. ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ, వేరే స్విచ్ పెట్టి, రిసీవర్‌కు కనీసం 30 సెం.మీ. దూరంలో ఉంచండి. లోహపు థ్రాటిల్ రాడ్ తీసి నైలాన్‌ది వేయండి. ప్లగ్ టోపీ వదులుగా ఉన్నా, తీగ చుట్టూ ఉన్న లోహపు అల్లిక తెగినా ఇదే జరుగుతుంది. సిగ్నల్ పోతే ఇంజిన్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, విమానాన్ని గట్టిగా కట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూశాకే ఎగరేయండి.