కార్డు రుసుము ఎవరు భరించాలి?

ప్రశ్న: నేను చిన్న దుకాణం నడుపుతున్నాను. కార్డుతో చెల్లించిన ప్రతిసారీ అమ్మకం సొమ్ములో కొంత రుసుముగా కోత పడుతోంది. దానిని కార్డు వాడేవారి బిల్లులోనే కలిపి వసూలు చేయడం న్యాయమేనా?

జవాబు: ఆ కోతలో పెద్ద వాటా సాధారణంగా కొనుగోలుదారుకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది, మిగిలినది వీసా, మాస్టర్‌కార్డ్ వంటి కార్డు నెట్‌వర్కుకూ, మీ ఖాతాలో సొమ్ము జమచేసే సంస్థకూ వెళుతుంది. రివార్డు పాయింట్లు ఇచ్చే క్రెడిట్ కార్డులపై ఈ రుసుము తరచుగా డెబిట్ కార్డులకన్నా ఎక్కువ. దుకాణదారు దానిని ధరల్లో కలిపితే, ఆ పాయింట్ల ఖర్చులో కొంత వాటిని ఎన్నడూ పొందని నగదు కొనుగోలుదారు మీద కూడా పడుతుంది. కార్డు వాడేవారి నుంచే వసూలు చేయాలన్న వాదనకు అసలు బలం ఇదే. దానిని తేలికగా కొట్టిపారేయలేము.

అయినా ధరలోనే కలపమని నా సలహా. నగదు కూడా ఉచితంగా రాదు: లెక్కించడానికీ, భద్రపరచడానికీ, బ్యాంకుకు చేర్చడానికీ ఖర్చవుతుంది, ఆ ఖర్చును మనం ఎవరి బిల్లులోనూ విడిగా వేయము. పైగా రుసుమును తగ్గించవలసింది బ్యాంకులూ నెట్‌వర్కులూ అయినప్పుడు, దాని గురించి బేరమాడే శక్తి ఏమాత్రం లేని కొనుగోలుదారు మీదకు భారాన్ని నెట్టడం నాకు సబబుగా తోచదు.

ఈ విషయంలో ఐరోపా సమాఖ్య అనుసరించిన క్రమం నాకు నచ్చింది. కార్డు ఇచ్చిన బ్యాంకుకు చెందే వాటాను 2015 నాటి నిబంధనల ద్వారా వ్యక్తిగత డెబిట్ కార్డులకు 0.2 శాతానికీ, క్రెడిట్ కార్డులకు 0.3 శాతానికీ పరిమితం చేసి, ఆ తరువాతే 2018 జనవరి నుంచి అటువంటి కార్డులపై అదనపు వసూలును నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2003 నుంచి వసూలుకు వీలు కల్పించారు కానీ, కొందరు అసలు ఖర్చుకు మించి తీసుకోవడంతో 2016లో దానికి హద్దు విధించవలసి వచ్చింది.

లాభం మరీ స్వల్పమై, వసూలు చేయక తప్పదనుకుంటే ముందుగా మీ దేశపు చట్టాన్నీ, బ్యాంకుతో మీ ఒప్పందాన్నీ చూడండి. అనుమతి ఉంటే మీకు నిజంగా అయ్యే ఖర్చే తీసుకోండి. డెబిట్ కార్డుకు క్రెడిట్ కార్డు రేటు వేయకండి. ఆ సంగతి కొనుగోలుదారుకు వస్తువు ఎంచుకునేటప్పుడే తెలియాలి, కార్డు చేతికిచ్చాక కాదు. అంతకన్నా ముందు, ఏ రకం కార్డుకు ఎంత కోత పడుతోందో బ్యాంకును విడివిడిగా అడిగి తెలుసుకుని, ఇతర సంస్థల రేట్లతో పోల్చి చూడండి.