మనోధర్మం సాధనతో వస్తుందా?

ప్రశ్న: కర్ణాటక సంగీతంలో వర్ణాలు, కృతులు తప్పు లేకుండా పాడగలుగుతున్నాను. మనోధర్మంతో, అంటే సొంత ఊహతో అప్పటికప్పుడు స్వరాలు అల్లే కల్పనస్వరం పాడమంటే మాత్రం నోరు పెగలదు. ఇది పుట్టుకతోనే రావాలంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కల్పనస్వరం ముమ్మాటికీ సాధనతో వచ్చే విద్యేనమ్మా. కచేరీలో విద్వాంసులు అప్పటికప్పుడు అల్లినట్లు వినిపించే స్వరాల వెనుక, వర్ణాల్లోనూ కృతుల్లోనూ పాడి పాడి గొంతుకు పట్టించుకున్న రాగసంచారాలు ఉంటాయి కనుక, మీకు కావలసిన సంపద చాలావరకు మీ దగ్గరే ఉంది.

మోహనంతో మొదలుపెట్టండి. అందులో మధ్యమం, నిషాదం లేవు. ఐదు స్వరాలతోనే పని. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో, పల్లవి గాంధారంతో సమంలో (తాళం మొదటి దెబ్బ మీదనే) ఎత్తుకునే కృతిని తీసుకుని, చివరి ద్రుతానికి (తాళంలో ఆఖరి రెండు అక్షరాలకు) మాత్రం ‘దపగరి’ అని నాలుగు స్వరాలు వేసి పల్లవి అందుకోండి. గాంధారం మీదనే ఆగితే పల్లవిలోకి జారే ఊపు పోతుంది. రిషభం మీద ముగిస్తే అది తనంతట తానే లాక్కుపోతుంది. ఇది కుదిరాక అర ఆవర్తనానికి (తాళం ఒక చుట్టులో సగానికి), ఆ తరువాత పూర్తి ఆవర్తనానికి వెళ్లండి. లెక్క కట్టి స్వరాలను ముగించే ముక్తాయింపుల జోలికి ఇప్పుడే పోవద్దు. రాగభావం లేని లెక్క నా దృష్టిలో సంగీతం కాదు.

నాటకంలోనూ ఇంతే. భామాకలాపంలో సత్యభామ, మాధవిల సంభాషణను కూచిపూడి నటులు సభను బట్టి పెంచగలిగారంటే, పాత్రా, దరువులూ (నాటకంలోని పాటలూ) వారికి కంఠోపాఠం కావడమే కారణం.

స్వరం కుదిరాకే నెరవల్‌కు (కృతిలోని ఒక సాహిత్య పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడడానికి) వెళ్లండి. అక్కడ సాహిత్యంలో పదాలు విరగకుండా చూసేందుకు గురువుగారు ఎదురుగా ఉండాలి.